మేకు కొట్టాలా, స్క్రూ బిగించాలా: చెక్క పనిలో ఎంపిక నుంచి బిగింపు దాకా

స్క్రూ గట్టిది, మేకు బలహీనమైనది కాబట్టి అన్నిచోట్లా స్క్రూలే వేస్తే సరిపోతుంది కదా అన్న ప్రశ్న పాఠకుల నుంచి పదేపదే వస్తోంది. సరిపోదు. కొన్ని అతుకులలో స్క్రూ మేకు కంటే ఎంతో మేలు చేస్తుంది, మరికొన్నింటిలో అదే స్క్రూ హెచ్చరిక లేకుండా విరిగి ప్రమాదం తెస్తుంది. ఎంపికకు ఆధారం బలం ఎంత అన్నది మాత్రమే కాదు, ఆ బలం ఏ వైపు నుంచి వస్తుందన్నది కూడా.

అందుకే ఈ మార్గదర్శి బలం దిశతో మొదలవుతుంది. ఆ తరువాత కొలతలు, లోహం, రంధ్రాలు, బిగించే క్రమం, చెడిపోయిన అతుకును బాగుచేసే పద్ధతి వరుసగా ఉంటాయి. తొందరలో ఉన్నవారు కూడా మొదటి రెండు భాగాలను దాటవేయవద్దని మనవి, ఎందుకంటే మిగతావన్నీ వాటి మీదే ఆధారపడి ఉన్నాయి.

1. బలం ఏ వైపు నుంచి వస్తుందో ముందుగా గుర్తించండి

అతుకు మీద పడే బలం ప్రధానంగా రెండు రకాలు. బిగించిన రెండు చెక్కలను ఒకదాని మీద నుంచి ఒకటి పక్కకు జరిపే బలాన్ని ఇక్కడ జారుడు బలం అందాం. మేకును గానీ స్క్రూను గానీ అది దిగిన దారినే వెనక్కి లాగే బలాన్ని పెరుకుడు బలం అందాం.

అల్మరా లోపలి పక్క పలకలకు అడ్డంగా సన్నని బద్దలు బిగించి వాటి మీద అరను ఉంచినప్పుడు, అర బరువుకు బద్ద కిందికి జారాలని చూస్తుంది. ఇది జారుడు బలం. కప్పుకు కింది వైపున బిగించిన పలక తన బరువుతో తానే ఊడి రావాలని చూస్తుంది. ఇది పెరుకుడు బలం. తలుపు పైభాగంలోని బందు మీద రెండూ కలిసి పనిచేస్తాయి: తలుపు బరువు బందును కిందికి జారుస్తుంది, అదే బరువు బందును చట్రం నుంచి బయటికి కూడా లాగుతుంది.

మేకు నునుపైన కాడతో చెక్క నారలను పక్కకు నెట్టుకుంటూ దిగుతుంది. పక్కకు జరిగిన నారలు మళ్లీ తమ చోటికి రావాలని కాడను నొక్కి పట్టుకుంటాయి. ఆ ఒరిపిడి ఒక్కటే మేకుకు ఉన్న పట్టు. స్క్రూ మరలు, అంటే కాడ చుట్టూ మెలి తిరిగిన అంచులు, అలా కాకుండా నారలలోకి కోసుకుంటూ దిగి వాటి మధ్య చిక్కుకుంటాయి, కాబట్టి స్క్రూ ఊడి రావాలంటే ఆ నారలు తెగాలి. పెరుకుడు బలాన్ని తట్టుకోవడంలో స్క్రూ చాలా ముందుండడానికి కారణం ఇదే.

పచ్చి చెక్కలో మేకు కొట్టినప్పుడు ఈ తేడా మరింత పెరుగుతుంది. చెక్క ఎండే కొద్దీ నారలు కుంచించుకుపోయి కాడ మీద ఒత్తిడి సడలుతుంది. కొట్టిన రోజు పీకినా రాని మేకు కొన్ని నెలలకు తల పైకెత్తి కనిపించడానికి కారణం చాలావరకు ఇదే.

జారుడు బలం దగ్గర లెక్క మారుతుంది. ఇక్కడ మరలకు పెద్దగా పని లేదు. కాడ ఎంత లావుగా ఉంది, చెక్క ఎంత గట్టిది, కింది చెక్కలోకి ఎంత లోతు దిగింది అన్నవే ముఖ్యం. మరల మధ్య స్క్రూ నడుము సన్నగా ఉంటుంది కనుక, పైకి ఒకే లావుగా కనిపించే మేకు, స్క్రూలలో మేకు కాడే నిజానికి లావుగా ఉంటుంది.

2. వంగేదానికీ విరిగేదానికీ తేడా తెలుసుకోండి

ఒక చిన్న ప్రయోగం చేసి చూడవచ్చు. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరిగా పెట్టుకోండి. 3 మి.మీ. మందం ఉన్న మామూలు ఇనుప మేకును వైసులో నిలువుగా బిగించి, పైకి ఉన్న సగాన్ని సుత్తితో పక్క నుంచి కొట్టండి. అది వంగుతుంది. అటు నుంచి కొడితే మళ్లీ ఇటు వంగుతుంది, అలా పలుమార్లు వంగిన తరువాతే తెగుతుంది. ఇప్పుడు జిప్సం బోర్డుకు వాడే నల్లని స్క్రూను అదే విధంగా బిగించి కొట్టండి. చాలాసార్లు ఒకటి రెండు దెబ్బలకే అది ఠక్కున విరిగిపోతుంది.

మామూలు మేకు మెత్తని ఉక్కుతో తయారవుతుంది. స్క్రూ తిప్పుడు ఒత్తిడికి మెలిపడకుండా ఉండాలని దానిని వేడిచేసి, చల్లార్చి గట్టిపరుస్తారు. ఆ గట్టిదనంతోపాటు పెళుసుతనం కూడా వస్తుంది. బరువు మోసే అతుకులకని ప్రత్యేకంగా తయారుచేసే స్క్రూలలో ఈ పెళుసుతనాన్ని తగ్గిస్తారు, కానీ అన్ని స్క్రూలూ అటువంటివి కావు.

నేను చెక్క పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక పుస్తకాల అల్మరాను పూర్తిగా నల్ల స్క్రూలతోనే బిగించాను. ఎనిమిది నెలలు అది చెక్కుచెదరకుండా నిలబడింది. ఒక రాత్రి మధ్య అర పుస్తకాలతో సహా కింద పడింది. బద్దను తీసి చూస్తే స్క్రూల తలలు బద్దలోనే ఉన్నాయి, కాడలు పక్క పలకలోనే ఉన్నాయి, రెండు చెక్కలూ కలిసిన గీత దగ్గర అన్నీ ఒకే చోట కోసినట్టు విరిగాయి. ముందు రోజు వరకు ఎక్కడా వదులు కనిపించలేదు. అక్కడ మేకులు ఉండి ఉంటే అవి మెల్లగా వంగి, అర ఒక పక్కకు ఒరిగి, పుస్తకాలు దించుకోవడానికి నాకు సమయం దొరికేది.

గాలికీ భూకంపానికీ ఊగే చెక్క చట్రాలకు, వాటి మీద కొట్టే ప్లైవుడ్ పలకలకు వడ్రంగులు మేకులనే ఎక్కువగా వాడడానికి ఇదే కారణం. దగ్గర దగ్గరగా కొట్టిన మేకులు అటూ ఇటూ కొద్దికొద్దిగా వంగుతూ ఊపును తమలోకి తీసుకుంటాయి, కాబట్టి చట్రం కదిలినా కూలదు.

3. ఏ పనికి ఏది వాడాలి

ఒక్కొక్క అతుకు దగ్గర ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి:

- బలం జారుడుదా, పెరుకుడుదా, రెండూనా?
- అతుకు ఊగుతుందా, అదురుతుందా?
- దీనిని ఎప్పుడైనా విప్పవలసి వస్తుందా?
- విఫలమైతే కింద మనిషి ఉండే అవకాశం ఉందా?

మేకులు తగిన పనులు: వాసాలు, నిలువు చెక్క కమ్ములు, అడ్డ చెక్క కమ్ములతో కట్టే చట్రాలు, చట్రం మీద కొట్టే ప్లైవుడ్, కాంక్రీటు పోతకు వేసే తాత్కాలిక చెక్కలు, గోడ అంచుల వెంబడి, గుమ్మం చుట్టూ వచ్చే సన్నని అలంకార పట్టీలు. చివరి పనికి చిన్న తల ఉన్న సన్నని మేకులు వాడాలి.

స్క్రూలు తగిన పనులు: బందులు, గొళ్లేలు, తాళాలు, అల్మరాలు, బల్లలు, పెట్టెలు, కప్పుకు వేలాడే ప్రతి వస్తువూ, ఆరుబయట నేల మీద పరిచే పలకలు, లోహపు పైకప్పు రేకులు, భవిష్యత్తులో విప్పి బాగుచేయవలసిన ఏ అతుకైనా.

రేకుల సంగతి కొంచెం విడమరచి చెప్పాలి. ఈదురుగాలి రేకు మీదుగా వీచినప్పుడు దానిని పైకి లాగుతుంది, అంటే ఇది పెరుకుడు బలం. నునుపు మేకు ప్రతి గాలికీ వెంట్రుకవాసి చొప్పున పైకి వస్తుంది, ఆ సందులో నీరు దిగుతుంది. రబ్బరు వాషరు ఉన్న స్క్రూ ఈ రెండింటినీ అడ్డుకుంటుంది. వాషరు పైనున్న లోహపు టోపీ అంచు నుంచి రబ్బరు కొద్దిగా బయటికి ఉబ్బి కనిపించగానే బిగించడం ఆపాలి. రబ్బరు నలిగి పువ్వులా విచ్చుకుంటే అది ఎండకు తొందరగా పగిలిపోతుంది.

చెక్క నేల కిర్రుమనడం కూడా మేకుల వల్లే తరచుగా మొదలవుతుంది. వదులైన పలక కాలు పడినప్పుడల్లా మేకు కాడ వెంబడి పైకీ కిందికీ జారుతూ రాసుకుంటుంది. కొత్త పని అయితే స్క్రూలు గానీ, కాడ మీద వలయాలు ఉన్న మేకులు గానీ వాడండి. వలయాల మేకు నునుపు మేకు కంటే బాగా పట్టుకుంటుంది, అయితే దానిని పీకాలంటే చెక్క చెడుతుంది.

దూలాలను పట్టి ఉంచే లోహపు చెప్పుల విషయంలో సొంత తీర్పు పనికిరాదు. తయారీదారు ఏ మేకును, ఏ స్క్రూను పేర్కొంటే దానినే, చెప్పినన్ని రంధ్రాలలో వేయాలి. చేతికి అందిన స్క్రూలు అక్కడ వేయడం నేను చూసిన తప్పులలో అతి ప్రమాదకరమైనది. మనుషులు నిలబడే అరుగులు, వసారాల దూలాలకు నట్టు-బోల్టులు లేదా అందుకే తయారైన లావుపాటి స్క్రూలు వాడాలి, ఆ లెక్కను ఇంజనీరు చూడాలి.

4. పొడవు, మందం ఎంచుకునే లెక్క

మేకుకు పాత లెక్క ఇప్పటికీ సరిగ్గానే పనిచేస్తుంది: పైన బిగించే చెక్క మందానికి మూడు రెట్లు పొడవు. పలక 20 మి.మీ. ఉంటే మేకు 60 మి.మీ. ఉండాలి, అప్పుడు మూడింట రెండు వంతులు కింది చెక్కలో ఉంటాయి. స్క్రూకు మరల పట్టు ఉంటుంది కనుక కొంచెం తక్కువైనా చాలు. అదే పలకకు 45 నుంచి 50 మి.మీ. స్క్రూ సరిపోతుంది.

ఎప్పుడూ పలుచని చెక్కను మందమైన చెక్కకు బిగించాలి. మందమైనదాని మీద నుంచి పలుచనిదానిలోకి బిగిస్తే పట్టు దొరకదు. కింది చెక్క మందాన్ని కూడా కొలిచి, మొన అవతలికి రాకుండా కనీసం 3 మి.మీ. మిగిలేలా చూసుకోండి.

స్క్రూల మందాన్ని నంబర్లతో చెబుతారు. తరచుగా వాడే మూడింటి కొలతలు, వాటికి కావలసిన రంధ్రాలు ఇవి:

- 6వ నంబరు: కాడ సుమారు 3.5 మి.మీ. పై చెక్కలో రంధ్రం 4 మి.మీ. కింది చెక్కలో మెత్తనిదైతే 2 మి.మీ., గట్టిదైతే 2.5 మి.మీ.
- 8వ నంబరు: కాడ సుమారు 4.2 మి.మీ. పై చెక్కలో 4.5 మి.మీ. కింది చెక్కలో 2.5 మి.మీ. లేదా 3 మి.మీ.
- 10వ నంబరు: కాడ సుమారు 4.8 మి.మీ. పై చెక్కలో 5 మి.మీ. కింది చెక్కలో 3 మి.మీ. లేదా 3.5 మి.మీ.

కొలతలు గుర్తులేకపోతే స్క్రూ ముందు డ్రిల్ బిట్టును అడ్డం పెట్టి ఒక కన్ను మూసి చూడండి. బిట్టు వెనుక స్క్రూ నడుమంతా దాగిపోయి, మరల అంచులు మాత్రం రెండు పక్కలా కనిపిస్తే ఆ బిట్టు కింది చెక్కకు సరైనది.

5. లోహం, పూత

పొడి గదిలో ఉండే పనికి జింకు పూత పూసిన మామూలు స్క్రూ చాలు. ఆరుబయట, స్నానాల గదిలో, వంటగది తొట్టి కింద వేడి జింకులో ముంచి తీసిన మేకులు లేదా స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి. సముద్రపు గాలి తగిలే చోట స్టెయిన్‌లెస్ స్టీలులోనూ 316 రకం మేలు, ఎందుకంటే ఉప్పు గాలి 304 రకం మీద కూడా మరకలు, గుంటలు తెస్తుంది.

పుచ్చు పట్టకుండా రాగి లవణాలు ఎక్కించిన చెక్కలో మామూలు ఉక్కు వేగంగా తుప్పు పడుతుంది. పలుచని జింకు పూత కూడా అక్కడ నిలవదు. అలాగే టానిన్ ఎక్కువగా ఉన్న ఓక్ వంటి చెక్కలలో తడి తగిలితే ఇనుప మేకు చుట్టూ నల్లని మరక పాకుతుంది, దానిని చిత్రిక పట్టి తీయడం కూడా కష్టం. ఈ రెండు చోట్లా ముందే స్టెయిన్‌లెస్ స్టీలు వాడడం ఉత్తమం.

ఇత్తడి స్క్రూలు అందంగా ఉంటాయి కానీ మెత్తనివి. ముందుగా అదే కొలత ఉన్న ఉక్కు స్క్రూను బిగించి, మరలకు దారి పడిన తరువాత దానిని విప్పి, ఆ దారిలో ఇత్తడి స్క్రూను చేతితో బిగించాలి.

6. పని మొదలుపెట్టే ముందు చూసుకోవలసినవి

- చెక్క ఎండినదేనా? తడి కనిపిస్తే మేకు పనిని వాయిదా వేయండి.
- స్క్రూ తలలోని గాడికీ దానిని తిప్పే బిట్టుకూ పొంతన ఉందా? కూడిక గుర్తు తల అంటే అన్నీ ఒకటి కావు. ఫిలిప్స్ గాడికి భుజాలు నాలుగే ఉంటాయి, పోజీడ్రైవ్ గాడిలో వాటి మధ్య మరో నాలుగు సన్నని గీతలు కనిపిస్తాయి. ఒకదాని బిట్టుతో మరొకదానిని తిప్పితే గాడి అరిగిపోతుంది.
- చెక్కలను పట్టి ఉంచడానికి క్లాంపులు ఉన్నాయా?
- గోడలో గానీ కప్పులో గానీ రంధ్రం వేయవలసి ఉంటే విద్యుత్ తీగలు, నీటి గొట్టాలు ఎక్కడున్నాయో తెలుసా?
- అదే చెక్క ముక్క మీద ఒక మేకు లేదా స్క్రూ వేసి చూశారా? పక్కన పారేసే ముక్క మీద చేసే ఈ పరీక్ష అసలు పలకను కాపాడుతుంది.
- కళ్లద్దాలు పెట్టుకున్నారా?

7. మేకు కొట్టే క్రమం

మొదటి పని గుర్తులు పెట్టుకోవడం. మేకులన్నీ ఒకే నార గీత మీద పడకుండా కొద్దిగా అటూ ఇటూ జరిపి గుర్తు పెట్టండి. ఒకే గీత మీద వరుసగా కొట్టిన మేకులు గొడ్డలి చేసే పనే చేసి పలకను నిలువునా చీలుస్తాయి.

పలక కొసకు దగ్గరగా కొట్టవలసి వస్తే, మేకును తలకిందులుగా గట్టి దాని మీద ఆనించి మొనను సుత్తితో ఒకటి రెండు దెబ్బలు కొట్టి మొద్దు చేయండి. పదునైన మొన నారలను విడదీస్తుంది, మొద్దు మొన వాటిని నలిపి తెంచుకుంటూ దిగుతుంది, కాబట్టి చీలే ఒత్తిడి తగ్గుతుంది. గట్టి చెక్క అయితే మేకు మందంలో ముప్పాతిక వంతు ఉన్న బిట్టుతో ముందుగా రంధ్రం వేయండి.

మొదటి రెండు మూడు దెబ్బలు మెల్లగా, మేకు తనంతట తాను నిలబడే వరకే కొట్టాలి. వేళ్లను మేకు మొదట్లో కాక తలకు దగ్గరగా పట్టుకుంటే, దెబ్బ తప్పినా వేళ్లు పక్కకు జరుగుతాయే కానీ చెక్కకూ సుత్తికీ మధ్య నలగవు. చిన్న మేకులను అట్టముక్కకు గుచ్చి పట్టుకోండి. తరువాత సుత్తి పిడిని చివర పట్టుకుని, మోచేతి నుంచి ఊపుతో కొట్టండి. సుత్తి ముఖం మేకు తలకు సమంగా ఆనాలి.

మేకులను నిట్టనిలువుగా కాక ఒకటి ఇటు, ఒకటి అటు కొద్దిగా వాల్చి కొడితే పలక ఊడి రావడం కష్టమవుతుంది. పెరుకుడు బలం కొంత ఉన్నా మేకులే వాడవలసి వచ్చిన చోట ఈ పద్ధతి చాలా ఉపయోగపడుతుంది.

నిలువు కమ్మి అడుగును అడ్డ కమ్మికి పక్క నుంచి బిగించేటప్పుడు, కమ్మి కొస నుంచి మేకు పొడవులో మూడో వంతు పైన మొదలుపెట్టి, కమ్మి ముఖానికి 30 డిగ్రీల వాలులో కొట్టండి. కమ్మి దెబ్బకు జరగకుండా అవతలి వైపు ఒక ముక్కను అడ్డుపెట్టాలి.

అలంకార పట్టీలలో మేకు తల చెక్కకు 2 మి.మీ. పైన ఉండగానే సుత్తిని ఆపి, మేకు దింపే మొద్దు మొన పంచ్‌తో తలను ఉపరితలం కిందికి దించి, లప్పం పూసి, ఆరిన తరువాత గరుకు కాగితంతో రుద్దండి.

8. స్క్రూ బిగించే క్రమం

ఇక్కడ అందరూ దాటవేసే మెట్టు ఒకటి ఉంది, అదే పై చెక్కలో వదులు రంధ్రం వేయడం. స్క్రూ మరలు రెండు చెక్కలలోనూ ఒకేసారి పట్టుకుంటే, వాటి మధ్య మొదట ఎంత సందు ఉందో అంతే సందు చివరి వరకూ ఉండిపోతుంది. ఎంత బిగించినా దగ్గరకు రావు. పై చెక్కలో స్క్రూ వదులుగా జారాలి, కింది చెక్కలో మాత్రమే మరలు పట్టాలి. అప్పుడే తల పై చెక్కను కిందికి నొక్కుతుంది. అడుగు భాగంలోనే మరలు ఉండి పైభాగం నునుపుగా ఉన్న స్క్రూలు వాడినా ఈ ప్రయోజనం దొరుకుతుంది, అయితే ఆ నునుపు భాగం పై చెక్క మందం కంటే తక్కువ ఉండకూడదు.

క్రమం ఇది:

1) రెండు చెక్కలను కలిపి క్లాంపుతో పట్టండి. జిగురు వేసే పని అయితే ముందే వేయండి.
2) సన్నని బిట్టుతో రెండింటిలోనూ కలిపి, స్క్రూ దిగేంత లోతు రంధ్రం వేయండి. లోతు తెలియడానికి బిట్టుకు రంగు టేపు చుట్టుకోండి.
3) లావు బిట్టుతో పై చెక్కలో మాత్రమే రంధ్రాన్ని వెడల్పు చేయండి.
4) వాలు తల స్క్రూ అయితే తల కూర్చునే గుంటను కౌంటర్‌సింక్ బిట్టుతో చేయండి. గుంట లేకుండా బిగిస్తే ఆ తల గొడ్డలిలా పనిచేసి చెక్కను చీలుస్తుంది.
5) గట్టి చెక్క అయితే స్క్రూ మరలకు కొద్దిగా మైనం రాయండి.
6) డ్రిల్ క్లచ్‌ను (బిగువు మించితే తిప్పడం ఆపే అంకెల వలయాన్ని) తక్కువ అంకెలో ఉంచి మొదలుపెట్టండి, చాలకపోతే ఒక్కొక్క అంకె పెంచండి. బిట్టును స్క్రూకు సూటిగా, వెనుక నుంచి గట్టిగా నొక్కి పట్టుకోండి.
7) చివరి అర చుట్టు చేతి స్క్రూడ్రైవర్‌తో తిప్పండి. తల ఆనినప్పుడు చేతికి తెలిసే ఆ బిగువు యంత్రానికి తెలియదు.

ఒకటి కంటే ఎక్కువ స్క్రూలు ఉన్న చోట అన్నింటినీ మొదట ముప్పాతిక వరకు బిగించి, తరువాత ఒక్కొక్కటిగా పూర్తి చేయాలి. మొదటి దానినే పూర్తిగా బిగిస్తే మిగతా రంధ్రాలు పక్కకు తప్పుతాయి.

వెడల్పు పలకల బల్ల పైభాగాన్ని బిగించేటప్పుడు మరో జాగ్రత్త కావాలి. చెక్క వానాకాలంలో నారకు అడ్డంగా ఉబ్బి, ఎండలలో కుంచించుకుపోతుంది. కింది చట్రంలో గుండ్రని రంధ్రాలకు బదులు నారకు అడ్డంగా సాగదీసిన కోల రంధ్రాలు వేసి, వాషరుతో స్క్రూ బిగించండి. ఆ కదలికకు చోటు ఇవ్వకపోతే పలక మధ్యలో పగులుతుంది.

9. జాగ్రత్త అవసరమైన చోట్లు

చెక్క కొస: నారలు తెగి కనిపించే కొసలోకి దిగిన మేకు నారల మధ్య దూరుతుందే తప్ప వాటిని దాటదు, కాబట్టి పట్టు చాలా తక్కువ. కొసలోకే బిగించక తప్పకపోతే పొడవైన స్క్రూ వాడండి, లేదా పక్క నుంచి గుండ్రని చెక్క గూటాన్ని అడ్డంగా దింపి స్క్రూ మరలు ఆ గూటాన్ని పట్టుకునేలా చేయండి.

ప్లైవుడ్ అంచు, ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసే పలక): రంధ్రం వేయకుండా అంచులోకి దేనినీ దింపవద్దు. ప్లైవుడ్ పొరలు విడిపోతాయి, ఎండీఎఫ్ అంచు ఉబ్బి చీలుతుంది. ఎండీఎఫ్ అంచులో మూలల నుంచి కనీసం 50 మి.మీ. లోపలికి జరిగి బిగించండి, మేకులకు అక్కడ పనే లేదు.

ఇటుక, కాంక్రీటు గోడ: మామూలు మేకు వంగుతుంది. గట్టిపరిచిన కాంక్రీటు మేకు దిగినా గోడను చుట్టూ పెచ్చులుగా ఊడదీస్తుంది, దెబ్బ తప్పితే ముక్కలై కంటికి తగలవచ్చు. బరువు మోయాలంటే ప్లగ్గు (గోడ రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ తొడుగు), స్క్రూ వాడండి. 6 మి.మీ. ప్లగ్గుకు 6 మి.మీ. బిట్టుతో, ప్లగ్గు పొడవు కంటే 5 నుంచి 10 మి.మీ. ఎక్కువ లోతు తొలిచి, దుమ్మును ఊది లేదా గొట్టంతో పీల్చి తీసేయాలి. ప్లగ్గు మొత్తం గోడ మీది ప్లాస్టరు పూతను దాటి ఇటుకలో ఉండాలి. పూతలోనే ఉండిపోతే బరువు పడిన రోజే పూతతో సహా ఊడి వస్తుంది.

10. తరచుగా జరిగే తప్పులు, వాటి సవరణలు

మేకు వంగింది: సగం కంటే తక్కువ దిగి ఉంటే సుత్తి వెనుకనున్న చీలికతో నిలబెట్టి మళ్లీ కొట్టవచ్చు. అదే చోట రెండోసారి వంగితే పీకేసి పక్కన కొత్తది కొట్టండి. పీకేటప్పుడు సుత్తి కింద పలుచని చెక్క ముక్క పెడితే పలక మీద గుంట పడదు, లాగడమూ తేలికవుతుంది.

చెక్క చీలింది: మేకును పీకి, చీలికలోకి జిగురు పంపి, క్లాంపు వేసి రాత్రంతా వదిలేయండి. తరువాత వేరే చోట రంధ్రం వేసి బిగించండి.

స్క్రూ తిరుగుతోంది కానీ బిగియడం లేదు: మరలు పట్టుకున్న నారలు తెగిపోయాయని అర్థం. తలుపు బందులలో ఇది చాలా సాధారణం. తలుపు ఒరిగి నేలకు రాసుకుంటుంటే పై బందు మీద చేయి పెట్టి తలుపును కొద్దిగా ఎత్తి చూడండి. బందు చట్రం నుంచి కదిలితే లోపం ఇక్కడే ఉంది. తలుపు కింద ఆపు పెట్టి స్క్రూను తీయండి. సన్నగా చీల్చిన వెదురు పుల్లలను జిగురులో ముంచి రంధ్రం నిండేలా దింపి, పైన మిగిలినదానిని కోసేయండి. జిగురు పూర్తిగా ఆరిన తరువాత సన్నని రంధ్రం వేసి అదే స్క్రూను బిగించండి. లావు స్క్రూ వేయడం అందరికీ తోచే ఉపాయమే, కానీ దాని తల బందు గుంటలో కూర్చోదు, బందు పూర్తిగా మూసుకోదు. పొడవు పెంచవచ్చు, లావు పెంచకూడదు.

స్క్రూ తల గాడి అరిగిపోయింది: వెడల్పాటి రబ్బరు బ్యాండును గాడి మీద పరిచి, దాని మీద నుంచి బిట్టును గట్టిగా నొక్కి నెమ్మదిగా తిప్పండి. రాకపోతే, తల పైకి ఉన్న చోట లాకింగ్ ప్లయర్‌తో పట్టుకుని తిప్పండి. తల చెక్కలో ఇరుక్కుని ఉంటే తలను డ్రిల్‌తో తొలిచివేసి, పై చెక్కను తీసి, మిగిలిన కాడను ప్లయర్‌తో విప్పండి.

స్క్రూ మధ్యలో విరిగింది: కింది చెక్కలో ముందుగా వేసిన రంధ్రం సన్నగా ఉందని గానీ, లోతు చాలలేదని గానీ అర్థం. విరిగిన ముక్కను తీయడానికి ప్రయత్నించి చెక్కను పాడుచేయవద్దు. 20 మి.మీ. పక్కకు జరిగి కొత్త రంధ్రం వేయండి.

రెండు చెక్కల మధ్య సందు మిగిలింది: స్క్రూను పూర్తిగా వెనక్కి తీసి, క్లాంపుతో రెండింటినీ దగ్గరకు నొక్కి, పై చెక్కలో రంధ్రాన్ని వెడల్పు చేసి మళ్లీ బిగించండి.

మేకు తల మళ్లీ మళ్లీ పైకి వస్తోంది: దానినే తిరిగి కొడితే అరిగిన రంధ్రంలోకే వెళ్తుంది. పీకేసి, అదే రంధ్రంలో మేకు కంటే లావుగా, కొంచెం పొడవుగా ఉన్న స్క్రూను బిగించండి. ఆ పలకకు రెండో కొసలో ఉన్న మేకులను కూడా అదే రోజు చూడండి, ఎందుకంటే ఒక మేకును పైకి నెట్టిన కదలిక పలక అంతటా ఉంటుంది.